చుక్క తర్వాత రెండుసార్లు

మా చిన్నప్పుడు... పలాస టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టారు నా కాగితం తీసి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారంటే నా గుండె గుభేలుమనేది. ఆయన అక్షరాలు చూసేవారు కాదు... ఖాళీలు చూసేవారు!

"సుక్క పెట్టాక స్పేసు రెండుసార్లు కొట్టాలని ఎన్నిసార్లు సెప్పాలమ్మా నీకు? ఒక్కటి కొడితే తప్పే. పరీచ్చలో మార్కు పోద్ది!"

ఇంగ్లీషులో వాక్యం అయిపోయాక రెండు ఖాళీలు... అప్పటి రూలు అది. స్పేస్ బార్ మీద కుడి బొటనవేలు. టక్, టక్. నిద్రలో కూడా నా వేలు ఆ రెండు దెబ్బలూ కొట్టేదని అమ్మ నవ్వేది.

అమ్మ జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్లేది. టైపు లోయర్ పరీక్ష తప్పానంటే చదువు మానిపించేస్తానంది. "నాతోటే పిక్కలకి వచ్చీయాలి, మరి సూసుకో!" అమ్మ చేతులు చూస్తేనే నాకు భయం... జీడి నూనెకి నల్లబడి, తోలు ఊడి ఉండేవి.

పరీక్ష టెక్కలిలో. ముందురోజు అమ్మ ఇంటికి తెచ్చిన పిక్కలు మిగిలిపోతే సాయం కూర్చున్నాను. జీడి నూనె చేతులు కాల్చకుండా ఆ పనికి ఎవరైనా ఆముదం రాసుకునే కూర్చుంటారు. నేను రాసుకోలేదు... తెల్లారి పరీక్ష కాగితానికి జిడ్డు మరకలు పడతాయేమోనని! బుద్ధి ఉందా నాకు? సాయంత్రానికి కుడి బొటనవేలు బొబ్బెక్కి బూరెలా పొంగింది.

"ఓలమ్మో, ఏటే ఇది! ఆముదం రాసుకోనేదేటే?" అమ్మ నెత్తి కొట్టుకుంది.

టెక్కలి దాకా బస్సులో ఆ వేలు పిడికిట్లో దాచుకున్నాను. పరీక్షకి తోడొస్తున్న మాస్టారు పక్కనే కూర్చుని చూడనే చూశారు. తిడతారనుకున్నాను. "ఎడం బొటనేలితో కొట్టమ్మా... భయపడకు" అన్నారు. ఆయన గొంతు వణికింది. అది విన్నాక నాకున్న కాస్త ధైర్యమూ పోయింది.

బెల్లు కొట్టారు. మొదటి చుక్క పెట్టాను. ఎడమ వేలు కదిలేలోపే కుడి వేలు దానంతటదే వెళ్లి పడింది... టక్. ప్రాణం పోయినంత పనైంది. రెండోదీ కొట్టాలి... ఎడమ వేలికి ఆ అలవాటే లేదు. కొట్టకపోతే? అమ్మ చేతులు కళ్లముందు మెదిలాయి... టక్. బొబ్బ పగిలింది. పరీక్ష సాగిన ఆ పది నిమిషాలూ చుక్క కనిపిస్తే చాలు, ఏడుపొచ్చేసేది. అయినా ఒక్కచోట కూడా ఎగ్గొట్టలేదు.

పాసయ్యాను. ఈ ఆఫీసులో కుర్చీ ఆ వేలు పెట్టిన భిక్షే.

మొన్న కొత్తగా చేరిన అమ్మాయి నా లెటర్ చూసి, "మేడమ్, ఈ రెండేసి ఖాళీలేటండీ? ఇప్పుడు ఒక్కటే సాలండి" అంటూ కంప్యూటర్లో ఏదో నొక్కి అన్నీ ఒక్కసారే తీసేసింది. దానిదేం తప్పు, పాపం... నాకు మాత్రం ఒళ్లు ఝల్లుమంది. అది భోజనానికి వెళ్లాక, తీసేసిన ఖాళీలన్నీ మళ్లీ ఒక్కొక్కటే పెట్టుకుంటూ కూర్చున్నాను.

ఆ మాస్టారు లేరు, ఆ మిషన్లూ లేవు... కాగితం వెలుతురుకి ఎత్తి చూసేవాళ్లే లేరు. నా వేలికి ఆ సంగతి ఎవరు చెబుతారు? మీలో కూడా ఇలాంటి పాత భయం ఏదైనా ఉండిపోయిందా... ఉంటే కాస్త చెప్పండి, నేనొక్కదాన్నే కాదనుకుంటాను.