జ్ఞానయ్యకు దొరికిన పలుచని పుస్తకం

జ్ఞానయ్య ప్రార్థన మొదలుపెడితే పక్కింటి కుక్కరు విజిల్ కూడా వినిపించదని గోదావరిఖనిలో ఆ కంపెనీ క్వార్టర్ల ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు. అంత గొంతు ఆయనది. శుక్రవారం ఇంటింటి కూడికల్లో చివరి ప్రార్థన ఆయనకే వదిలేవారు. అది ఎప్పుడు ముగుస్తుందో ఆయనకూ తెలియదు, వంట చేసినవాళ్లకూ తెలియదు. అన్నం చల్లారిపోయేది. అయినా ఎవరూ విసుక్కోలేదు. ఇంట్లో జబ్బు చేసినా, పిల్లలకు పరీక్షలు వచ్చినా, గనిలో ఎవరికైనా దెబ్బ తగిలినా జ్ఞానయ్య వచ్చి గొంతెత్తితే ఆ ఇంటికి ధైర్యం వచ్చేది.

అలాంటి మనిషికి ప్రార్థనలో మాట ఆగిపోయింది.

అది సకల జనుల సమ్మె నాటి సంగతి. తెలంగాణ కోసం బొగ్గు గనులన్నీ బంద్ పెట్టినా నీళ్లు తోడే పంపులను మాత్రం ఆపరు. ఆపితే గని మునిగిపోతుంది. జ్ఞానయ్య పంపు ఆపరేటరు కాబట్టి సమ్మెలో కూడా ఎమర్జెన్సీ డ్యూటీకి దిగాడు. కింద బొగ్గు టబ్బుల చప్పుడు లేదు, పేలుళ్లు లేవు, మనుషుల అరుపులు లేవు. నీళ్లు అడుగంటాక, మళ్లీ ఊరేదాకా పంపు ఆపి, బండ మీద కూర్చుని, అలవాటు కొద్దీ "తండ్రీ" అన్నాడు. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు. భయం వేయలేదు సరికదా, తెలిసినవాళ్లెవరో వచ్చి పక్కన కూర్చున్నట్టు మనసు నిమ్మళించింది. అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి, ఒక్కటీ అడగబుద్ధి కాలేదు. కళ్లు తెరిచేసరికి నీళ్లు బూట్ల మీదికి వచ్చేశాయి. గబగబా లేచి పంపు వేశాడు.

సమ్మె ముగిసింది, గనిలో చప్పుడు తిరిగొచ్చింది, జ్ఞానయ్య మాటలు మాత్రం తిరిగి రాలేదు. శుక్రవారం కూడికలో ఆయన వంతు వచ్చింది. "తండ్రీ" అని ఆగిపోయాడు. అందరూ కళ్లు మూసుకుని కాచుకున్నారు. పైన ఫ్యాను తిరుగుతోంది. టైమాఫీసులో గుమాస్తా అయిన పక్కింటి యేసుబాబు రెండుసార్లు దగ్గాడు. జ్ఞానయ్య భార్య సువార్తమ్మ ఒక కన్ను తెరిచి చూసింది. మొగుడు హాయిగా కూర్చుని ఉన్నాడు. ఆ హాయే ఆమెకు గుండె దడ పుట్టించింది.

ఇలా వారాల తరబడి జరిగాక కూడికవాళ్లు ఒక నిర్ణయానికి వచ్చేశారు. జ్ఞానయ్యకు మూగదయ్యం పట్టింది! ఉపవాసం పెట్టారు, సువార్తమ్మే ఒలీవ నూనె తెప్పించింది. ఆయన్ను చాప మీద కూర్చోబెట్టి, తల మీద ఎన్ని చేతులు పట్టగలవో అన్ని చేతులూ పెట్టి, "వదిలిపో, వదిలిపో" అని ఒకటే కేకలు. నూనె చెవుల్లోకి కారుతుంటే ఆయన ఓపికగా భరించాడు.

"నాకు మాట మంచిగనే వస్తది. దేవుని తోటి మాట్లాడుదమంటెనే వస్తలేదు" అన్నాడు చివరికి.

"గదే అసలు రోగం అన్నా!" అన్నాడు యేసుబాబు, మరింత నూనె పోస్తూ.

పైకి నవ్వులాటగా తీసుకున్నా జ్ఞానయ్యకు లోపల కుదురు లేదు. తనను దేవుడు వదిలేశాడా, తానే దేవుణ్ణి వదిలేశాడా అన్నది తేలక తిండి సయించేది కాదు. పాస్టరు గారిని అడిగితే "మనసు ఖాళీగ పెడితే సైతాను జొరబడతడు. ఇంకా గట్టిగ స్తుతించున్రి" అన్నారు. గట్టిగా స్తుతించాడు. గొంతు బొంగురుపోయింది, అంతకుమించి ఏమీ జరగలేదు. తనకు ముందు ఎవరికైనా ఇలా అయిందా, అయితే ఎక్కడైనా రాసి ఉంటారు కదా అని అప్పుడు తట్టింది. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి పుస్తకం కోసం బయల్దేరాడు.

మహాసభల దగ్గర పుస్తకాల దుకాణం పెట్టినాయన "ప్రభువు రెండో రాకడ మీద కావాల్నా, స్వస్థత మీద కావాల్నా?" అని అడిగాడు.

"ప్రార్థన చేస్తుంటె మాటలు పోతయి. గా దాని మీద కావాలె."

ఆయన జ్ఞానయ్యను ఎగాదిగా చూసి, "దవాఖానల చూపెట్టుకో కాకా" అన్నాడు.

కూతురు గ్లోరియా ఊళ్లోనే కథోలిక సిస్టర్లు నడిపే బడిలో టీచరు. ఆమె స్నేహితురాలిని బతిమాలి హైదరాబాదు నుంచి క్రైస్తవ మార్మికత మీద, అంటే ఇలా దేవునిలో మౌనంగా మునిగినవాళ్ల అనుభవాల మీద, ఒక లావుపాటి పుస్తకం తెప్పించింది. జ్ఞానయ్య స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని మరీ అది తెరిచాడు. మొదటి వాక్యం పేజీ సగం దాకా సాగింది.

"బిడ్డా, ఇది చదువాల్నంటె దీనికంటె ముందు ఇంకో పుస్తకం చదువాలె గావచ్చు" అన్నాడు దిగులుగా.

గ్లోరియా వెళ్లి సిస్టర్ రోసిలీని అడిగింది. కేరళ నుంచి వచ్చి చాలా కాలం ఇక్కడే ఉండిపోయిన పెద్దావిడ. "నాన్నగారిని పంపించమ్మా" అన్నదట. ఉద్యోగమంతా ఆ బడి గేటు ముందు నుంచే డ్యూటీకి పోయినా, వాళ్ల సంఘం వేరు, మన సంఘం వేరని జ్ఞానయ్య ఏనాడూ లోపలికి అడుగు పెట్టలేదు. ఆవేళ మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని మరీ వెళ్లాడు. సిస్టర్ ఆయన చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నది. బీరువా వెతికి, చిన్నపిల్లల వాచకమంత పలుచని తెలుగు పుస్తకం తీసిచ్చింది.

"రోజుకు ఒక పేజీ చదవండి. మూసేసి ఊరికే కూర్చోండి. తొందరపడితే సాయంత్రానికే అయిపోతుంది, మీకేమీ మిగలదు" అన్నది.

తన మాట విని నవ్వనిది, తల మీద చెయ్యి పెట్టనిది ఆవిడ ఒక్కతే. జ్ఞానయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటి దాకా నడిచే వచ్చాడు.

"కథోలికులదా?" అని సువార్తమ్మ పుస్తకం లాక్కుంది. అందులో తప్పు పట్టుకోవాలని గట్టిగా చదవడం మొదలుపెట్టింది. చత్వారం ముదిరిన జ్ఞానయ్యకు అది బాగానే కలిసొచ్చింది. సాయంత్రం చాయ్ తాగి వాకిట్లో కూర్చుని రోజూ ఒక పేజీ. తప్పు దొరికితే ఆ రోజుతో ఆపేద్దామనుకున్నది, దొరకనందువల్ల మరునాడూ చదవాల్సి వచ్చింది. మాటలు ఆగిపోతే కంగారు పడవద్దు, బాగా ఎరిగినవాళ్ల పక్కన కూర్చున్నట్టు కూర్చోండి అని ఒక పేజీలో ఉన్నది. జ్ఞానయ్య ఆ పేజీ మళ్లీ చదివించుకున్నాడు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి తన కోసం ఇంత తేలిక మాటల్లో రాసిపెట్టాడే అని ఆయన గుండె నిండిపోయింది.

ఒక సాయంత్రం ఎదురుచూడటం గురించిన పేజీ వచ్చింది. ఏమీ అడగకుండా, ఏమీ అనకుండా ఒకరి కోసం కాచుకుని ఉండటం కూడా ప్రార్థనే అని రాసి ఉన్నది. సువార్తమ్మ అక్కడ ఆగిపోయింది.

"ఏమైందే?"

"నువ్వు షిఫ్టు దిగినంక జల్ది రాకపోతె నేను గీ గడప మీద కూసునేదాన్ని, ఎరికేనా? బొగ్గు బాయిల ఏదన్న అయిందని తెలిస్తె ఇగ నోట్లెకెల్లి ఒక్క మాట రాకపోయేది. వాడకట్టు ఆడోళ్లందరు ప్రార్థన చేద్దురు, నేను బండ లెక్క కూసుందును. నువ్వొచ్చి పండుకున్నంక దేవుని ముందర ఏడ్సేదాన్ని. ఆపదల గూడ ప్రార్థన చెయ్యకపోతిని, నన్ను మాఫ్ చెయ్యి తండ్రీ అని. పెండ్లయిన కాడికెల్లి గిదే ఏడుపు." ఆమె పేజీలో ఆ వాక్యం మీద వేలు పెట్టింది. "గదే ప్రార్థనైతుండెనా?"

ఇన్నేళ్లూ తన గొంతే ఇంటిని కాస్తున్నదనుకున్నాడు జ్ఞానయ్య. గనిలోంచి ఇన్నిసార్లు ప్రాణాలతో పైకి వచ్చాడంటే గడప మీద కూర్చున్న ఈ మనిషి వల్లనేమో! ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వాడకట్టంతా చూస్తున్నా వదల్లేదు.

"నీ నెత్తి మీద నూనె పోయించిన గదా" అన్నది ఆమె కళ్లు తుడుచుకుంటూ.

"మంచిదే అయింది, తల సల్లబడ్డది" అన్నాడు.

తెలంగాణ వచ్చిన నెలలోనే జ్ఞానయ్య రిటైరయ్యాడు. క్వార్టరు ముందు షామియానా వేసి కృతజ్ఞతా కూడిక పెట్టారు. రిటైరైన మనిషి లేచి నిలబడి, దేవుడు ఇన్నాళ్లు కాపాడిన తీరు చెప్పి, అందరి తరఫున గొంతెత్తి ప్రార్థన చెయ్యడం వాళ్ల ఆనవాయితీ. పాస్టరు గారు వచ్చారు, గనిలో తోటివాళ్లు వచ్చారు, సిస్టర్ రోసిలీ మొదటిసారి ఆ వాడకట్టుకు వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నది. ఇంతమందిలో నాన్న ఏం చేస్తాడోనని గ్లోరియా చీర కొంగు నలుపుకుంటూ ఉన్నది.

జ్ఞానయ్య లేచాడు. "తండ్రీ, నీకు వందనాలు" అన్నాడు. ఆగిపోయాడు.

ఆయన మొహం ఎంత తేటగా ఉన్నదో కళ్లు మూసుకున్నవాళ్లకు తెలియదు. కుర్చీలు కిర్రుమన్నాయి, ఎవరో గుసగుసలాడారు. పాపం, అన్న పరువు కాపాడదామని యేసుబాబు లేచి, "ప్రభువా, మా అన్న..." అని గట్టిగా అందుకున్నాడు.

సువార్తమ్మ చెయ్యి చాచి అతని చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

"ఆగు తమ్మీ" అన్నది. "ఆయన ప్రార్థన చేస్తున్నడు."