కుంకుమపువ్వులో లేని కల్తీ

మా డిగ్రీ కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ మేడమ్‌నైన నేనంటే భయం, అదీ ఎక్కువగా ఒక చిన్న క్వార్ట్జ్ డబ్బీ వల్ల. కాంతితో పరీక్షలు చేసే యూవీ మిషన్‌లో ద్రవం పోసి పెట్టే ఆ డబ్బీకి రెండు వైపులు గరుకుగా, రెండు వైపులు నున్నగా ఉంటాయి. కాంతి నున్నటి వైపు నుంచే దూరుతుంది కాబట్టి గరుకు వైపే పట్టుకోవాలి. నున్నటి వైపు వేలు పడితే నా అరుపు మొఘల్‌పురా మెయిన్ రోడ్డు దాకా వినిపిస్తుందని పిల్లలు చెప్పుకుంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

కిందటి చలికాలంలో ఒక పొద్దున, అఫ్జల్‌గంజ్‌లో కుంకుమపువ్వు అమ్మే చాచా మా ల్యాబ్‌కు వచ్చాడు. జహనుమాలో మా బాపు పాల వ్యాపారం చేసిన రోజుల నుంచి మాకు తెలిసినవాడు. పెళ్లిళ్లకు బిర్యానీ వండే ఒక పెద్ద వంటమాస్టర్, రంగు కలిపారంటూ చాచా సరుకు తిప్పి పంపాడట. ఆ మాట నలుగురు వంటవాళ్ల చెవిన పడితే మూడు తరాల దుకాణం పేరు మూసీలో కలిసినట్టే. పరీక్ష చేసి ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు. పిల్లలకు పాఠం కూడా అవుతుందని ప్రిన్సిపాల్ మేడమ్ ఒప్పుకుంది.

ముందు ఆ డబ్బీలో వట్టి నీళ్లు పోసి పెట్టి మిషన్‌ను సున్నాకు తెచ్చాను. ఈలోగా చాచా జేబులోంచి వేలెడంత సీసా తీసి, మంచి పని మొదలవుతోందంటూ నా చేతికి అత్తరు రాశాడు. మా దగ్గర పెద్దవాళ్లు అత్తరు రాస్తే ఎవరూ వద్దనరు. కమ్మగా ఉందని రెండు చేతులూ రుద్దుకున్నాను. తర్వాత కుంకుమపువ్వు నానిన నీళ్లను పలచన చేసి డబ్బీలో పోశాను.

తెర మీద గీత నడిచింది. ద్రవం ఏ కాంతిని మింగితే అక్కడ గీత గుట్టలా లేస్తుంది. కుంకుమపువ్వు పసుపు రంగుకు నాలుగువందల నలభై నానోమీటర్ల దగ్గర పెద్ద గుట్ట రావాలి, వచ్చింది. కానీ కంటికి కనిపించని అతినీలలోహిత భాగంలో, రెండువందల ఎనభై దగ్గర, రాకూడని గుట్ట ఇంకొకటి లేచింది.

నాకు తల వేడెక్కింది. పిల్లలందరి ముందే అనేశాను.

"చాచా, గిందుల ఇంకేదో కలిసింది. మిషన్ అబద్ధం చెప్పదు. వంటాయన మాటే నిజమున్నది."

ఆయన స్టూలు మీద కూర్చుని, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నాకు అది తప్పు ఒప్పుకున్నట్టే తోచి, పెద్దరికం కూడా చూడకుండా ఇంకో నాలుగు మాటలు వడ్డించాను. అంతటితోనూ ఆగలేదు. కల్తీ లేకపోతే రెండువందల ఎనభై దగ్గర గీత ఎంత చదునుగా ఉంటుందో ఆయనకే చూపిద్దామని, అదే డబ్బీలో మళ్లీ వట్టి నీళ్లు పోసి పెట్టాను.

కుంకుమపువ్వు ఊసే లేని నీళ్లలోనూ అదే గుట్ట.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ముందు మిషన్‌ను తిట్టాను. తర్వాత డబ్బీని కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే, నున్నటి వైపు నూనె మరక, అందులో నా బొటనవేలి ముద్ర. ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పున అత్తరు. పిల్లలు నవ్వు ఆపుకోలేక ఒక్కొక్కరే వరండాలోకి జారుకున్నారు. నాకూ సిగ్గుతో నవ్వొచ్చింది.

చేతులు కడుక్కుని, డబ్బీని స్పిరిట్‌తో తుడిచి మళ్లీ చూస్తే ఆ గుట్ట మాయం. మిగిలిన గీత మా దగ్గరున్న అసలైన కుంకుమపువ్వు గీతతో అచ్చంగా కలిసింది. అంతమంది ముందు అన్నాను కాబట్టి వరండాలోకి పోయినవాళ్లను కూడా లోపలికి పిలిచి, తప్పు నాదేనని, మాఫ్ చెయ్యమని చాచాను అడిగాను. అలా అడగడం నాకు అలవాటు లేని పని.

ఆయన తేలిగ్గా నవ్వి, అంతలోనే కళ్లు తుడుచుకున్నాడు.

"నువ్వన్నదానికి ఫికర్ లేదు బేటీ. సరుకు తెచ్చేది మా తమ్ముడు. నువ్వు గట్లనంగనే వాణ్ని దొంగ అనుకున్న. ముప్పై ఏండ్ల సంది నా ఎంబడే ఉన్నడు వాడు. ఐదు నిమిషాలు గూడ ఆగకపోతిని."

గీత ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టాను. వంటమాస్టర్ దాన్ని చూసి సరుకు మళ్లీ తీసుకున్నాడు, అది తర్వాతి సంగతి. ఆ రోజు మాత్రం చాచా మా ల్యాబ్ గుమ్మంలోనే నిలబడి తమ్ముడికి ఫోన్ చేశాడు. పరీక్ష విషయం చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. పొద్దున ఏమైనా తిన్నావా అని ఉర్దూలో అడిగాడు. తిన్నాడట. ఏం తిన్నావో చెప్పమని మళ్లీ అడిగాడు.