వత్తితో పట్టిన పాలు

పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు. బండి ఇసుకలో దిగబడిపోతే మిగతా దారి నడిచాం. వీపున సామాను, చేతిలో రైఫిల్, నోట్లో ఇసుక. ఏప్రిల్ నెల, రాజస్థాన్ ఎడారి. ఎదురుగా ముళ్ళకంచె, దాని అవతల ఇంకో దేశం, ఆ దేశంలోనూ ఇదే ఇసుక. మాకు పోస్టు అప్పజెప్పి వెళ్ళాల్సిన ప్లటూన్ వాళ్ళు మమ్మల్ని చూసి నవ్వారు. పోయేవాళ్ళు వచ్చేవాళ్ళను చూసి ఎప్పుడూ అలాగే నవ్వుతారు.

పోస్టంటే మూడు బంకర్లు, ఒక వంటగది, ఒక కాపలా గోపురం. నీళ్ళు ట్యాంకర్లో వచ్చేవి. తెల్లారకముందు స్టాండ్-టు, అంటే అందరం ఆయుధాలు పట్టుకుని మోర్చా గుంటల్లో నిలబడాలి. పొద్దుగూకే వేళకు మళ్ళీ అదే. మధ్యలో గస్తీ, గాలికి కూలిన ఇసుక ఎత్తిపోయడం, రైఫిల్ తుడవడం. మధ్యాహ్నాలు బంకర్ పైకప్పు రేకు పెనంలా కాలేది.

ఇప్పుడు పెనుకొండ దగ్గర ఒక ఫ్యాక్టరీ గేటు కాస్తున్నాను. డ్యూటీ దిగి టీ అంగట్లో కూర్చుంటే కుర్రాళ్ళు అడుగుతారు, ఎంతమందిని కాల్చావని. ఒక్కరినీ కాల్చలేదంటే వాళ్ళ ముఖాలు వాడిపోతాయి. ఆ పోస్టులో నేను చేసిన యుద్ధమల్లా ఒక కుందేలుపిల్లకు పాలు పట్టడమేనని చెబితే ఇక టీ కూడా ఇప్పించరు. అందుకే నోటితో చెప్పకుండా ఇలా రాస్తున్నాను.

మా ప్లటూన్లో తెలుగువాళ్ళం ఇద్దరమే. నేను నాయక్ హోదాలో ఉన్నవాణ్ణి, పెనుకొండ పక్క పల్లెలో గొర్లు మేపిన ఇంట్లోంచి వచ్చినవాణ్ణి. రెండోవాడు రేడియో ఆపరేటర్. ధర్మవరం. ఇంట్లో పట్టుచీరల మగ్గాలు. నాకంటే పదేళ్ళు చిన్న, నన్ను అన్నా అనేవాడు. వాడి వేళ్ళు ఆడపిల్ల వేళ్ళలా సన్నగా ఉండేవి. తెగిన పట్టుపోగులు అతికి అతికి అలా అయ్యాయని చెప్పుకునేవాడు. నేను నమ్మలేదు గానీ, సెట్టులో సన్నని తీగ ఊడితే మాత్రం చీకట్లో కూడా అతికేవాడు.

వాడి భార్యది హిందూపురం. తొలికాన్పుకు పుట్టింటికి వెళ్ళింది. మేం పోస్టుకు వచ్చిన రెండో వారంలో కబురొచ్చింది. ఏడో నెలలోనే కాన్పయింది, ఆడపిల్ల, హిందూపురం ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. సెలవు వెంటనే ఇచ్చారు. అయితే వాడి బదులు సెట్టు చూసుకోవడానికి ఇంకో ఆపరేటర్ రావాలి. వాడొచ్చే బండిలో వీడు వెళ్ళాలి.

ఆ ఎదురుచూపులోనే ట్యాంకర్ డ్రైవర్ ఒక చచ్చిన కుందేలును తెచ్చి వంటగది ముందు పడేశాడు. బండి కింద పడిందన్నాడు. వంటవాడు కత్తి నూరుతున్నాడు. నేను దాని పొట్ట తిరగేసి చూశాను. చన్నుల చుట్టూ వెంట్రుకలు తడిసి అంటుకుపోయి ఉన్నాయి. పాలిచ్చే తల్లి, పిల్ల ఎక్కడో ఉంటుందని అన్నాను. ఊరికే నోటికొచ్చిన మాట. ఆపరేటర్ విని లేచి, టోపీ పెట్టుకుని, బండి జాడ పట్టుకుని వెళ్ళిపోయాడు. స్టాండ్-టుకు కొద్దిగా ముందు తిరిగొచ్చాడు. చొక్కా గుండీల మధ్యలోంచి రెండు చెవులు.

మా పక్క పల్లెల్లో దీన్ని చెవులపిల్లి అంటారు. వేటకుక్కల్ని తోలి పట్టుకుంటారు, కూర వండుకుంటారు. నేనూ తిన్నాను. అంత చిన్నదాన్ని మాత్రం అంతకుముందు చూడలేదు. పిడికిట్లో పడుతుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. అరవదు, కరవదు, వణుకుతుంది అంతే.

రైఫిల్ తుడవడానికి ఇచ్చే గుడ్డను మేం చిందీ అంటాం. వాడు కొత్త చిందీలోంచి సన్నని పీలిక చించి, తొడమీద పెట్టి దీపపు వత్తిలా పేనాడు. పాలపొడి గోరువెచ్చటి నీళ్ళలో పల్చగా కలిపి, వత్తి ముంచి, దాని మూతికి ఆనించాడు. మొదట తల తిప్పుకుంది. తర్వాత పట్టుకుంది. వత్తి కొస వాడి వేళ్ళమధ్య కదలడం నాకు కనిపించింది. తాగాక తడిగుడ్డతో దాని వెనకభాగం తుడవాలని, తల్లి నాకినట్టు తుడవకపోతే పొట్ట ఉబ్బి చస్తుందని నేను చెప్పాను. గొర్రెపిల్లలకు మేం చేసేదే. తూటాల ఖాళీ పెట్టెలో ఎండుగడ్డి పరిచి, పైన తడిగోనె కప్పి, రేడియో సెట్టు కింద పెట్టాడు.

మా ప్లటూన్ కమాండర్ సుబేదార్ సాబ్ తనిఖీకి వచ్చి పెట్టెలోకి వంగి చూశాడు. పోస్టులో జంతువుల్ని పెంచకూడదు. ఆయన తనకేమీ కనిపించలేదని హిందీలో గొణిగి వెళ్ళిపోయాడు. మర్నాడు తన వాటా పాలపొడి పంపించాడు.

మొబైళ్ళు నిషేధం. సాయంత్రం లైనులో నిలబడితే పోస్టు ఫోన్లో కాసేపు ఇంటికి మాట్లాడుకోవచ్చు. ఆపరేటర్ రోజూ హిందూపురానికి చేసేవాడు. బిడ్డకు సన్నటి గొట్టంతో చుక్కలు చుక్కలుగా పాలు పోస్తున్నారట. ఇవాళ ఇన్ని చుక్కలు పోశారని ఆమె చెబితే, వీడు ఇక్కడ కుందేలు ఇన్ని వత్తులు తాగిందని చెప్పేవాడు. అక్కడ కొంచెం పెంచిన రోజు ఇక్కడా కొంచెం పెంచేవాడు. చెవులు తప్ప ఏమీ లేని దాన్ని చూసి, అన్నా దీని మొకంలో కళ వచ్చింది చూడు అనేవాడు. కాకిపిల్ల కాకికి ముద్దు అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. అప్పుడు వాడి ముఖంలో వచ్చే నవ్వు చూడటం కోసమే చేసేవాణ్ణని ఇప్పుడు తెలుస్తోంది.

ఒక సాయంత్రం వాడు ఫోన్ పెట్టేసి వచ్చి కుందేలు పెట్టె పక్కన కూలబడ్డాడు. బిడ్డ పొట్ట ఉబ్బిందట, పాలు ఆపేశారట. సెలైన్ మాత్రమే పెడుతున్నారు. మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారో డాక్టర్లు చెప్పలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటు. మర్నాడు పొద్దున్నే ఇసుకతుఫాను లేచింది. పగలే దీపాలు పెట్టుకున్నాం. ఫోను చచ్చిపోయింది. దారి మూసుకుపోయింది. ట్యాంకర్ లేదు, కొత్త ఆపరేటర్ లేడు. రేడియో ఒక్కటే పలుకుతోంది, అదీ గరగరమంటూ. కంపెనీ హెడ్‌క్వార్టర్‌కూ ఊరివైపు ఫోన్ దొరకడం లేదన్నారు.

నేను కాపలా దిగి బంకర్లోకి వచ్చాను. కుందేలుపిల్ల పెట్టె గోడను ముక్కుతో పొడుస్తోంది. దానికి పాల వేళ దాటిపోయింది. వత్తి పొడిగా ఉంది. నేను గిన్నె అందుకున్నాను.

"వద్దన్నా, పాలు పెట్టొద్దు" అన్నాడు వాడు.

ఎందుకన్నాను.

"మా ఇంట్లో ఎవురికన్నా పానం మీదికొస్తే, వాళ్ళకు ఏది ఆపితే అది ఇంట్లో ఎవురూ ముట్టరు. మా నాయనకు బువ్వ ఆపినప్పుడు మేమంతా రాగిజావతో ఉంటిమి. మా అవ్వ పిల్లిక్కూడా పొయ్యలేదు. పాపకు పాలు ఆపినారు. ఇది గూడా మా ఇంటిదే గదన్నా."

అప్పుడు గమనించాను. పొద్దుటి నుంచి వాడు టీ ముట్టలేదు. మగ్ నిండా చల్లారిపోయి, పైన ఇసుక తెట్టు కట్టి ఉంది. దాన్ని ఇంటి మనిషిని చేసుకున్నాడు, అందుకని ఇంటి నియమం దానికీ వచ్చింది. వాడి ప్రేమలో లోటేమీ లేదు. దానికే నాకు భయం వేసింది.

"నీకు పోయేది టీ. దానికి పోయేది పానం" అన్నాను. "పాలు తప్ప దానికి ఇంగేముండాదిరా?"

నేను పాలు కలిపాను. చాటుగా కాదు, వాడి ఎదురుగానే కూర్చుని వత్తి ముంచాను. నా వేళ్ళు మోటువి, పాలు సగం దాని గడ్డం మీదే కారిపోయాయి. వాడు హెడ్‌ఫోన్ పెట్టుకుని సెట్టువైపు తిరిగాడు. ఆపాలంటే ఆపేవాడు, చెయ్యి చాపితే అందే దూరం. ఆపలేదు. ఆ మూడు రోజులూ నేనే పట్టాను. మూడు రోజులూ వాడు ఆ వేళకు అటే తిరిగి కూర్చున్నాడు. అప్పుడు నేను చేసింది తప్పని నేననుకోను. అయినా ఆ గిన్నె పట్టుకున్న ప్రతిసారీ, నియమం తప్పితే అక్కడ బిడ్డకేమవుతుందోనని భయపడ్డాను. నేనూ ఆ నేల మీదే పుట్టాను కదా.

మూడో రోజు సాయంత్రానికి గాలి తగ్గింది. స్టాండ్-టు ముగించి నేనూ సుబేదార్ సాబ్ బంకర్లోకి వచ్చాం. పాల వేళ కావడంతో నేను గిన్నెలో పాలు కలిపాను. సెట్టు పలికింది. కంపెనీ నుంచి అవతలి ఆపరేటర్, చిన్న కుర్రాడు. సుబేదార్ సాబ్‌ను పిలవమన్నాడు. ఎందుకన్నాడు మావాడు. కుర్రాడు మళ్ళీ సాబ్‌నే అడిగాడు.

"నీ సందేశం చెప్పు. ఓవర్" అన్నాడు మావాడు.

కుర్రాడు చెప్పాడు. మావాడు పెన్సిల్‌తో రాసుకున్నాడు, ఎప్పటిలాగే పెద్ద అక్షరాలతో. రాసింది తిరిగి చదివి వినిపించాలి, అది రేడియో నియమం. వాడు చదివాడు. తన నంబరు, తన పేరు, తన కూతురు ఈ ఉదయం చనిపోయింది, వెంటనే పంపించవలెను.

"సరిగ్గా ఉందా? ఓవర్."

"సరిగ్గా ఉంది" అన్నాడు కుర్రాడు. ఏడుస్తున్నాడు.

"అవుట్."

సుబేదార్ సాబ్ వాడి భుజం మీద చెయ్యి వేశాడు. వాడు కాగితం చింపి ఆయన చేతికిచ్చాడు. హెడ్‌ఫోన్ తీసి కొక్కేనికి తగిలించాడు. వంగి పెట్టె బయటికి లాగి, నా చేతిలోని గిన్నె తీసుకున్నాడు.

"ఇంగ పాలు పొయ్యొచ్చన్నా" అన్నాడు.

వాడే పట్టాడు. ఒక్క చుక్క కింద పడలేదు. అది కడుపునిండా తాగి వాడి ఒళ్ళోనే నిద్రపోయింది. నేను బయటికి వెళ్ళి ఇసుకలో కూర్చున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఏడ్చాను.

మర్నాడు ట్యాంకర్ వచ్చింది, కొత్త ఆపరేటర్ దిగాడు, వీడు ఎక్కాడు. ధర్మవరంలో రైలు దిగి హిందూపురం చేరేసరికి పాపను పూడ్చేశారు. ఇక్కడ కుందేలు గడ్డి కొరకడం నేర్చింది. పెట్టె దూకడం నేర్చింది. ఒక పొద్దున గస్తీకి పోతూ పొదల దగ్గర దింపాను. కాసేపు కూర్చుంది, తర్వాత లేదు. ఆపరేటర్ తిరిగొచ్చి సెట్టు కిందికి చూశాడు. వదిలేశానన్నాను. తలూపాడు. ఆ మూడు రోజుల మాట వాడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. డ్యూటీ కాలం ముగిసేదాకా ఇద్దరం ఒకే బంకర్లో ఉన్నాం. రేషన్ గురించి, ఎండ గురించి మాట్లాడుకున్నాం.

నేను పోయిన ఏడాది పదవీ విరమణ చేసి ఇంటికొచ్చాను. వాడు ఇంకా సర్వీసులోనే ఉన్నాడు, వేరే చోట. ఒకరోజు ఫోన్ చేసి, ధర్మవరం పోయి ఇంట్లో కనపడు అన్నా, మా ఇంటామె నీతో ఏందో మాట్లాడాలంటాండాది అన్నాడు. ఆ మూడు రోజుల మాటేనని నాకు అర్థమైంది. రెండు వారాలు వాయిదా వేశాను. కంచె దగ్గర నిలబడినప్పుడు కూడా నాకంత భయం లేదు.

వాళ్ళ వీధిలోకి తిరగ్గానే అన్ని ఇళ్ళలోంచీ మగ్గాల చప్పుడు. ఆమె అత్తింట్లో పని నేర్చుకుని తానూ నేస్తోంది. మగ్గం గుంటలోంచి లేచి వచ్చి మంచినీళ్ళిచ్చింది. ప్రయాణం గురించి, నా పిల్లల గురించి అడిగింది. అత్తగారు లోపలికి వెళ్ళేదాకా ఆగింది.

"అన్నా, ఒకటి అడగాల. ఆయన్ను అడిగితే లేసి పోతాడు. పాపకు పాలు ఆపిన ఆ మూడు దినాలు, ఆడ అది తాగెనా?"

అబద్ధం నాలుక కొసదాకా వచ్చింది. ఆమె కళ్ళు చూశాక చెప్పలేకపోయాను.

"తాగిందమ్మా. ఆయప్ప వద్దన్నాడు. నేనే పోసినా."

ఆమె నేను తాగిన నీళ్ళచెంబు తీసి పక్కన పెట్టింది.

"మంచి పని చేసినావన్నా" అంది. "నాకేమో పాలు ఆగవు. రొమ్ములు గట్టిపడి జొరమొచ్చె. ఆ మూడు దినాలూ పిండి ఆసుపత్రి సింకులో పారబోస్తా ఉంటి. యాడో ఒకటి తాగిందంటే అదే సాలు."

తర్వాత అది వత్తిని ఎలా పట్టుకునేదని అడిగింది. జేబురుమాలు కొస పేని, ఆమె భర్త పట్టుకున్నట్టే రెండు వేళ్ళతో పట్టుకుని చూపించాను. ఇలా ముంచేవాడు, ఇలా ఆనించేవాడు, అది ఇలా తల ఎత్తేది. ఆమె కన్నార్పకుండా చూస్తూ, తనకు తెలియకుండానే ఎడమచేతిని వత్తి కిందికి చాపింది. చిన్నదేదో అందులో పడుకుని ఉన్నట్టు అరచెయ్యి గుంటగా పట్టింది. బొటనవేలు మెల్లగా కదిలింది, వీపు నిమిరినట్టు.

నేను రుమాలు దించేశాక కూడా ఆమె ఆ చెయ్యి తీయలేదు. సరిహద్దులో చూసినవి ఒక్కొక్కటిగా మర్చిపోతున్నాను. ఖాళీగా ఉన్న ఆ చెయ్యి మాత్రం కళ్ళముందు నుంచి పోవడం లేదు.