పొయ్యి పైన, నేను కింద

తొంభైల మొదట్లో ఆర్మూరులో ఒక పసుపు గోదాం మీది గదిలో మా కాపురం. మా ఆయన కింద, రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో గుమాస్తా. పసుపు కొమ్ముల్ని పాలిష్ డ్రమ్ములో తిప్పుతుంటే దుమ్ము మా వంటగది దాకా లేచేది. నా పప్పులో వేరే పసుపు వేయనక్కర్లేదని మా ఆయన వేళాకోళం చేసేవాడు, నేనూ నవ్వేదాన్ని. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు, ఏడో నెలలో, నీళ్ల బిందెతో ఆ ఇరవై రెండు మెట్లు ఎక్కుతూ కళ్లు తిరిగి పడ్డాను. బిడ్డ దక్కలేదు.

రెండోసారి ఐదో నెలకే కాళ్లు వాచాయి. దవాఖానలో నర్సమ్మ నా కింది రెప్ప లాగి చూసింది.

"నెత్తురే లేదు నీ ఒంట్ల. గా మెట్లెక్కుడు, గా దుమ్ము బంజెయ్యి. కింద ఇల్లు చూసుకో" అంది.

అమ్మ లేదు కాబట్టి నాకు పుట్టింటి దారి లేదు. దవాఖాన సందులోనే రెండు గదులు ఖాళీగా ఉన్నాయి, వాకిట్లో నల్లా కూడా. ఆ పూటే చూసొచ్చాను.

మాతోనే ఉండే మా అత్తమ్మ ససేమిరా అంది. "కడుపుతోని ఉన్నదాన్ని పెట్టుకొని ఇల్లు మారుతరా బిడ్డా? మన ఇండ్లల్ల లేదు."

"మొదటిసారి మారలేదు గద. ఏమైంది?" అనేశాను. నా నోరు అలాంటిది.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నాకంటే ఆమెకే ఎక్కువ భయమని అప్పుడు తెలిసింది. నా కోపం దిగింది కానీ పట్టు మాత్రం వదల్లేదు.

"ఇల్లు మారుడంటే ఏంది అత్తమ్మా?"

"పొయ్యి మారుడు. కొత్తింట్ల పాలు పొంగిచ్చుడు."

"అయితే పొయ్యిని ఈడనే ఉండనియ్యి. ఆడ పాలు పొంగియ్యం. మేమిద్దరం పోయి ఉంటం, అంతే."

అత్తమ్మ "పొయ్యి కదలది గద?" అని రెండుసార్లు అడిగి ఒప్పుకుంది.

మర్నాడే చాప, బొంత, ఒక బిందె తీసుకుని మా ఆయనతో దిగిపోయాను. అత్తమ్మ పొయ్యికి కాపలాగా పైనే ఉండిపోయింది. నీళ్లు మోసుకుని, పైన వండి, రెండు పూటలా గిన్నెలు పట్టుకుని మా సందుకు వచ్చేది. మొదటి వారం హుషారుగానే వచ్చింది. మూడో వారం మోకాలు పట్టుకుని నా గడపలో కూలబడింది.

"గిన్ని మెట్లు నీళ్లతోని ఎక్కిచ్చిన్నా నిన్ను" అంది. ఇద్దరం ఏడ్చాం.

ఆ రోజు నుంచి నేను ఐరన్ గోలీ మింగేదాకా ఆమె కదిలేది కాదు. మేక కార్జం కూడా ఎక్కడెక్కడో వెతికి తెచ్చేది.

నెలలు నిండాక, నొప్పులొస్తుంటే, దవాఖానకు నా కాళ్ల మీద నేనే నడిచి వెళ్లాను. వాపు లేని కాళ్లవి. మధ్యాహ్నానికల్లా ఆడపిల్ల పుట్టింది, గొంతు అచ్చం నాదే. నర్సమ్మ పిల్లను తూచి కాంటా అత్తమ్మకు చూపించింది. నేను గెలిచానని నాకు నేనే చెప్పుకున్నాను, గట్టిగానే.

ఇరవై ఒకటో రోజున పొయ్యి కిందికి దిగింది, పాలు పొంగాయి.

కొన్నేళ్లకు ఆ గోదాం మీది గదిలోకి దిగిన వేరేవాళ్ల కొత్త కోడలు నీళ్లోసుకుందని తెలిసింది. అత్తమ్మ ఆ మోకాళ్లతోనే మెట్లన్నీ ఎక్కి ఆమె దగ్గరికి వెళ్లింది.

"పొయ్యిని ఈడనే ఉండనియ్యి బిడ్డా. నువ్వు దిగు" అంది. ఉపాయం తనదేనని కూడా చెప్పింది. పక్కనే ఉన్న నేను అవునన్నాను.