ముందు నీ సంగతి చెప్పు

పోయిన ఆదివారం చిక్కడపల్లిలో ఒక ఫంక్షన్ హాలు మేడ మీద, ఇంట్లో మంచాన పడ్డవాళ్ళకు సేవ చేసేవాళ్ళ కోసం ఏదో శిక్షణ ఉందని తెలిసి, మోకాళ్ళు మొరాయిస్తున్నా సరే అశోక్‌నగర్ నుంచి ఆటో మాట్లాడుకుని మరీ వెళ్ళాను. జీవితమంతా నర్సుగా చేసి రిటైరైనదాన్ని, నాకు కొత్తగా ఏం నేర్పుతారులే అన్న పొగరు కొంతా, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేనితనం కొంతా నన్ను ఆ మెట్లెక్కించాయి. నేర్పడానికి వచ్చిన అమ్మాయికి మా మనవరాలి వయసుంటుంది, గొంతు మెత్తగా, మాట స్పష్టంగా ఉంది. అందరినీ కళ్ళు మూసుకోమని, "ఇప్పుడు నేనెలా ఉన్నాను" అని ఎవరికి వాళ్ళు ప్రశ్న వేసుకోమని, తర్వాత కాగితం మీద నవ్వు మొహం మొదలుకుని ఏడుపు మొహం దాకా ఉన్న బొమ్మల్లో మనకు సరిపోయేదానికి టిక్కు పెట్టమని చెప్పింది. నా పక్కన కూర్చున్నావిడ కొన్నేళ్ళుగా అత్తగారికి అన్నీ మంచం మీదే చేస్తోందట, కళ్ళ కింద అంతంత నల్లటి గుంటలు పెట్టుకుని, బొమ్మలకేసి సరిగ్గా చూడనైనా చూడకుండా నవ్వు మొహానికి టిక్కు కొట్టేసింది. నిజం చెప్పొద్దూ, నేనూ దానికే కొట్టాను. కొట్టిన మరుక్షణం నా మణికట్టు మీద ఎవరో వేళ్ళు ఆనించినట్టయి ఒళ్ళు ఝల్లుమంది.

ఆ వేళ్ళు మా అక్కవి. సొంత అక్క కాదు, నేను మొదట ఉద్యోగంలో చేరిన నారాయణగూడ నర్సింగ్ హోమ్‌లో ఇన్‌చార్జి సిస్టర్. అంబర్‌పేట్ మనిషి, సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ నలగని తెల్లచీరలో ఉండేది, వయసులో పెద్దవాళ్ళైన డాక్టర్లు కూడా ఆవిణ్ణి అక్కా అనే పిలిచేవాళ్ళు. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారేటప్పుడు పొద్దుటివాళ్ళు ఒక్కో మంచం దగ్గర నిలబడి పేషెంటు సంగతులు మాకు అప్పజెప్పేవాళ్ళు కదా, ఆ అప్పగింతలు మొదలవకముందే అక్క లోపలికి వచ్చే ప్రతి అమ్మాయి మణికట్టూ నాడి చూసినట్టు పట్టుకుని, "ముందు నీ సంగతి చెప్పు, పేషెంట్ల సంగతి తర్వాత" అనేది. బాగున్నానక్కా అంటే తలూపేది గానీ చెయ్యి వెంటనే వదిలేది కాదు. ఆ వేళ్ళు అలా ఆని ఉంటే నోట్లో ఉన్నది బయటికి రాక తప్పేది కాదు, ఒకతి మొగుడితో పోట్లాడి వచ్చానని, ఇంకొకతి పొద్దున్నుంచి ఏమీ తినలేదని కక్కేసేది. అక్క ఓదార్చేది కాదు, నీతులు చెప్పేది కాదు, పని మార్చేదంతే. తినని పిల్లను ముందు క్యాంటీన్‌కు తోలేది, పోట్లాడి వచ్చినదానికి సూదిమందులు కాకుండా దుప్పట్లు మడతపెట్టే పని అప్పజెప్పేది. పేషెంట్ల నాడి మానేసి మన నాడి చూస్తుందేమిటే అని చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఆవిడకింకో నియమం ఉండేది. పేషెంట్లను వరసలు పెట్టి పిలవడం మాకు అలవాటే, తాతా, పెద్దనాన్నా, అన్నా, ఏదైనా అనుకోవచ్చు, నాన్న అని మాత్రం అనకూడదు. బాపు ఇంట్ల ఉంటడు, ఈడ పేషెంట్ ఉంటడు అనేది. అదేం చాదస్తమో అప్పట్లో నాకు అర్థమయ్యేది కాదు.

ఆ రోజుల్లో అశోక్‌నగర్‌లోని మా రెండు గదుల వాటాలో మా నాన్న పక్షవాతంతో మంచాన పడి ఉన్నాడు. బందరు నుంచి ఆఫీసు ఉద్యోగానికి ఈ ఊరు వచ్చి, ఇక్కడే స్థిరపడినా ఫిల్టరు కాఫీ తప్ప ఇంకోటి ముట్టని మనిషి. గొంతు మింగడం మరిచిపోయింది, నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టరు ముక్కులో గొట్టం వేయించాడు, ఆ గొట్టంలోంచే నేను జావా పాలూ పోసేదాన్ని. ఈ సంగతి నర్సింగ్ హోమ్‌లో ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలిపడి తేలిక డ్యూటీలు వేస్తారని, చేతకానిదాన్నని అనుకుంటారని నాకు రోషం. అక్క వేళ్ళ కింద నుంచి తప్పించుకునే చిట్కా కూడా కనిపెట్టాను, పెద్ద నిజం దాచడానికి ఒక చిన్న నిజం చేతిలో పెట్టేసేదాన్ని, నిద్ర చాల్లేదక్కా అనో, బస్సులో నిలబడి వచ్చానక్కా అనో. పోయే ముందు రోజు నాన్న వంటింటి వైపు చూపించి కాఫీ కావాలని సైగ చేశాడు. వద్దు నాన్నా, ప్రమాదం అని బుజ్జగించి పక్కకు తిప్పి పడుకోబెట్టాను. తెల్లారేసరికి లేడు.

పెద్దకర్మ అయిన మర్నాడే డ్యూటీకి వెళ్ళాను. సెలవు చీటీ చూశాకే అక్కకు నాన్న పోయిన సంగతి తెలిసింది, ఆ రోజు చెయ్యి మామూలు కంటే ఎక్కువసేపు పట్టుకుని అడిగింది. బాగున్నానక్కా అన్నాను. నా మొహంలోకి చూసి, చెయ్యి వదిలేసింది. నల్లకుంటలో లెక్కల మాస్టరుగా చేసి రిటైరైన ఒకాయన ఆ వారమే చేరాడు. అదే పక్షవాతం, అదే ముక్కుగొట్టం, మంచానికి నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదన్న బోర్డు. నేను రాకముందు బంధువెవరో తెలియక రెండు గుక్కలు నీళ్ళు తాగిస్తే ఆయన ఊపిరాడక నీలంగా అయిపోయాడట, గొంతులో అడ్డుపడ్డ నీళ్ళు మిషను పెట్టి లాగి ఎలాగో బతికించారట, ఇంకోసారి ఇలా జరిగితే మనిషి దక్కడని డాక్టరు అందరికీ గట్టిగా చెప్పాడు. ఇదంతా అప్పగింతల్లో చెవులారా విన్నాను, విని తలూపాను.

నాలుగు గంటల వేళ ఆయన భార్య ఫ్లాస్కు మూత తీసి, తన కోసం చాయ్ వంచుకుంది. మాస్టరు ఎడమచెయ్యి లేచింది. ఆ గ్లాసు వైపే, అచ్చం మా నాన్న చేసినట్టే, వేళ్ళు దగ్గరికి చేర్చి నోటి వైపు చూపించాడు. ఆవిడ నా కొంగు పట్టుకుని, "ఒక్క చెంచా బిడ్డా. ఇన్నేండ్ల సంది నేనే పోసిచ్చిన, ఆయన ఏం అడుగుతుండో నాకు తెల్వదా?" అంది.

వద్దనాలి. వద్దనడానికే నోరు తెరిచాను, కానీ నా నోట్లోంచి వచ్చిన మాట వేరు. కొంచెం లేచి కూర్చోండి నాన్నగారూ, అన్నాను. నా చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి, మంచం తల వైపు పైకెత్తాయి, వీపు వెనక దిండు పెట్టాయి, ఆవిడ చేతిలోంచి గ్లాసూ చెంచా అందుకున్నాయి. నాకు ఆ క్షణాన భయమన్నది లేదు, ఎన్నాళ్ళనుంచో బాకీ పడిన పని ఇప్పటికి చేస్తున్నానన్న నెమ్మది మాత్రమే ఉంది. ఆయన నోరు తెరిచాడు. చెంచా పెదాల దాకా వెళ్ళింది.

అప్పుడు ముక్కుకు అల్లం వాసన తగిలింది. అల్లం చాయ్. మా నాన్న జన్మలో చాయ్ ముట్టలేదు. ఈ మనిషి ఎవరు, ఈ తెరిచిన నోరు ఎవరిది, నేనేం చేస్తున్నాను అని ఒక్కసారిగా తెలివొచ్చి చెంచా వెనక్కి లాగేశాను, చాయ్ దుప్పటి మీద ఒలికింది. ఆయన పెదాలు అలాగే తెరుచుకుని ఉన్నాయి. నేను పక్కకు జరిగితే ఆవిడే పోసేస్తుందన్న భయంతో గ్లాసూ చెంచా రెండూ గుండెకు హత్తుకుని, అక్కను పిలవడానికి వరండా వైపు తిరిగాను. పిలవాల్సిన పని లేకపోయింది. నాన్నగారూ అన్న మాట వరండాలో ఉన్న అక్క చెవిన పడనే పడింది, వచ్చి నా మణికట్టు పట్టుకుని, "ఇప్పుడు చెప్పు" అంది. నేను బాగాలేనక్కా, మా నాన్న కాఫీ అడిగితే ఇవ్వలేదు అని, వార్డు మధ్యలో నిలబడి చిన్నపిల్లలా బావురుమన్నాను.

అక్క నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. ఎందుకైనా మంచిదని ఆ లాగే మిషను దగ్గరికి జరుపుకుని, కట్లు కట్టే పల్చటి గాజుగుడ్డ ముక్క వేలికి చుట్టి, చాయ్‌లో ముంచి, ఒక్క చుక్క కారకుండా గట్టిగా పిండి, ఆ తడి గుడ్డతో మాస్టరు పెదాలూ నాలుక చివరా మెల్లగా తుడిచింది. గొంతులోకి పోవడానికి ఏమీ లేదు, రుచి ఒక్కటే. ఆయన కళ్ళు మూసుకున్నాడు, ఎడమచెయ్యి మంచం మీద నెమ్మదిగా వాలింది. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది.

నాకు మాత్రం కోపం ముంచుకొచ్చింది. ఇంత చిన్న ఉపాయం, గుడ్డముక్కంత ఉపాయం, నాకెందుకు చెప్పలేదక్కా, మా నాన్న నాలుక ఎండిపోయి వెళ్ళాడు కదా అని నిలదీశాను. అక్క గుడ్డ విప్పి పళ్ళెంలో వేసి, ఏమాత్రం గొంతు పెంచకుండా అంది. "రోజు అడిగిన గద బిడ్డా, నీ సంగతి చెప్పుమని. ఇంట్ల బాపు గిట్ల పడి ఉన్నడని ఒక్కనాడన్న చెప్పినవా?"

ఇంటికి పోయి మీ బాపు కోసం మంచిగ ఏడ్వు, ఈయన కోసం ఈడ పని చెయ్యి అని అక్క ఆ పూట నన్ను పంపించేసింది, మర్నాటి నుంచి వారం రోజులు పిల్లల వార్డులో వేసి, తర్వాత మళ్ళీ మాస్టరు దగ్గరికే తెచ్చింది. ఆయన్ని మాస్టరుగారూ అనే పిలిచాను, రోజూ సాయంత్రం గుడ్డముక్క చాయ్‌లో ముంచి పిండి, ఆయన నాలుకకు రుచి చూపించాను.

ఇప్పుడు ఆ నర్సింగ్ హోమ్ లేదు, ఆ స్థలంలో పరీక్షలకు చదువుకునే ఆడపిల్లల హాస్టల్ లేచింది, అక్క పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఎలా ఉన్నావని అడిగేవాళ్ళకు ఈ రోజుల్లో కరువేమీ లేదు, పొద్దున లేస్తే ఫోన్ నిండా అవే పలకరింపులు. జవాబు వచ్చేదాకా చెయ్యి పట్టుకుని నిలబడేంత తీరికే ఎవరికీ లేకుండా పోయింది, నాకూ లేదు, అందుకే ఆ నవ్వు మొహానికి టిక్కు కొట్టాను.

శిక్షణ అయిపోయి అందరూ లేచాక ఆ అమ్మాయి కాగితాలు పోగుచేస్తూ, వచ్చినందుకు థాంక్స్ ఆంటీ అని నవ్వింది. ఏమనిపించిందో, కాగితాలున్న ఆ చెయ్యి పట్టుకుని, అందరి సంగతీ అడిగావు, నీ సంగతేమిటమ్మా అన్నాను. బాగున్న ఆంటీ, అంది చప్పున. కింద ఆటో అతను హారన్ మీద హారన్ కొడుతున్నాడు. నేను వేళ్ళు తియ్యలేదు. నవ్వు కాసేపు అలాగే నిలబడి, మెల్లగా చెదిరింది.

"మా అమ్మ..." అని మొదలుపెట్టింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.