గుండుకు చుట్టిన గుడ్డ

నిజాం రాజ్యం చివరి రోజులవి. నాకు ఇరవై ఏళ్లు. కోదాడ దగ్గర చిలుకూరులో మా ఇంట్లో ఒక నాటు తుపాకి ఉండేది. మూతిలోంచి మందు, సీసపు గుండు కూరి పేల్చాలి. నేను అడవిపందికి గురిపెడితే గుండు తుమ్మచెట్టుకు తగిలేది. ఊరంతా నవ్వేది.

పక్కింటి మల్లయ్య తాత ఒకప్పుడు వేటగాడు. ఆయనే కిటుకు చెప్పాడు.

"గుండు గొట్టంల వదులుగ ఆడుతున్నదిరా. ఆముదం రాసిన గుడ్డ సుట్టి బిర్రుగ దించు. గురి తప్పదు."

మరునాడు మధ్యాహ్నం నా పాత పంచె చింపి అలాగే చేశాను. దూరంగా కంచె మీద పెట్టిన కుండ ఒక్క దెబ్బకు పగిలింది. తన గడ్డివాము పక్కన బీడీ తాగుతూ చూస్తున్న తాత "శభాష్ బిడ్డా!" అన్నాడు. నేను గొప్పలు చెప్పుకోవడానికి వీధిలోకి పరుగెత్తాను. కాసేపటికే వాము అంటుకుంది.

మంట ఆరాక చూస్తే, వాము అంచున సగం కాలిన నా పంచె గుడ్డ! గుండుతో పాటు ఎగిరి, నిప్పు రాజుకుంటూ అక్కడ పడింది. ఎవరూ చూడకముందే దాన్ని మట్టిలోకి తొక్కేశాను.

"నా బీడీయే కొంప ముంచింది" అని తాత తల కొట్టుకుంటుంటే నేను బూడిద మీద ఇంకో కడవ నీళ్లు పోశాను.

మేత లేక ఆయన ఎడ్లను అమ్మడానికి సూర్యాపేట అంగడికి తోలాడు. సాయం చేసేవాడిలా నేనూ వెంట వెళ్లాను. దారిలో బీడీ ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టాడు.

"వద్దు బిడ్డా. ఇగ ముట్ట."

చనిపోయేదాకా ఆయన ముట్టలేదు. నేను చెప్పనూ లేదు.