మా ఆయన పని అక్కడివాళ్లకే ఇచ్చిన ఏడాది

మా ఆయన ఉద్యోగం పోయిందని తెలిసిన రోజు మెట్‌పల్లి మొత్తంలో సంతోషపడ్డది నేనొక్కదాన్నే. ఆ సంతోషం దాచుకోవడానికి నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

ఆయన గల్ఫ్‌లో ఒక విమానాల కంపెనీలో సామాన్లు ఎక్కించే పని చేసేవాడు. విమానం పొట్టలో మోకాళ్ల మీద కూర్చుని, కింది నుంచి వచ్చే పెట్టెలను అందుకుని పేర్చాలి. పెళ్లయిన కొత్తలో వెళ్లిన మనిషి. సెలవు మీద ఇంటికి వచ్చిన నాటి నుంచే తిరుగు ప్రయాణం మాటలు మొదలయ్యేవి. ఇటు మా బిడ్డ కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకునేంత పెద్దదైంది. నేను అంగన్‌వాడీ టీచరుగా ఊరి పిల్లల మధ్య రోజులు గడిపాను. ఒంటరితనం అలవాటైపోయిందని అడిగినవాళ్లకల్లా చెప్పేదాన్ని. అది అబద్ధం.

ఒకరోజు ఫోన్‌లో ఆయన అన్నాడు. "కంపెనోళ్లు బయటి దేశపోళ్లను తీసేస్తున్నరు. మా పనులన్నీ గిక్కడి పోరగాండ్లకే ఇస్తరట. నా జాగల వచ్చెటోనికి పని నేర్పి నేను ఇంటికి రావాలె."

"అయ్యో" అన్నాను. ఫోన్ పెట్టేశాక తలుపు దగ్గరకు వేసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మరునాటి నుంచి పరామర్శలు. పక్కింటి పెద్దమ్మ బీడీల చాట చంకలో పెట్టుకుని వచ్చి, మా గడపలో కూర్చుని, ఆకు చుడుతూనే నన్ను ఓదార్చింది.

"ఫికర్ జెయ్యకు బిడ్డ. గా దేశం కాకపోతే ఇంకో దేశం దొరుకుతది."

నాకు ఒళ్లు మండింది. దేశాలేమన్నా సంతలో వంకాయలా, ఇది కాకపోతే అది ఏరుకోవడానికి? పైకి మాత్రం ముఖం వేలాడేసుకుని చాయ్ పోశాను. వచ్చిన ప్రతివాళ్లదీ అదే మాట. వాళ్ల ఓదార్పుకు మా చక్కెర డబ్బా అడుగంటింది.

అక్కడ ఆయన, తన స్థానంలో చేరిన అబ్బాయికి పని నేర్పుతున్నాడు. అన్నీ చెప్పకు, సగం దాచుకో, నువ్వు లేకుంటే పని నడవదని తెలిస్తే వాళ్లే ఉంచుకుంటారు అని గదిలో ఉండేవాళ్లు చెవిలో పోరుతున్నారట. ఆయన వాళ్ల మాట వింటే ఇక ఇంటికి రానట్టే.

"మరి నువ్వేం జేస్తున్నవ్?" అని అడిగాను.

"అన్ని జెప్తున్న. బరువుయి కింద వెయ్యాలె, చక్రాల కుర్చీలు తలుపు కాడుంచాలె, ముందుగాల అయ్యే దిగుతయ్. వానికి పని రాకుంటే పెట్టెలు పలిగేది ఎవరియి? హైదరాబాద్ విమానంల అన్ని మనోళ్లయే ఉంటయ్ గద."

ఆ మాటకు ఆయన మీద ప్రేమ పొంగింది. అది ఎట్లా చెప్పాలో తెలియక, తిన్నవా అని అడిగాను.

వచ్చాడు. వచ్చిన కొద్ది రోజులకే నా వంటగదిని విమానం చేశాడు. బరువైనవి కింద ఉండాలని బియ్యం, పప్పుల డబ్బాలన్నీ దించి, పోపుల డబ్బాను అటక దాకా ఎక్కించాడు. పొద్దున్నే అంగన్‌వాడీకి పోయే తొందరలో జీలకర్ర కనబడక నేను అరిచిన అరుపుకు పెద్దమ్మ చాట పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. సాయంత్రానికల్లా అన్నీ ఎక్కడివక్కడ ఆయన చేతనే పెట్టించాను.

ఇప్పుడు ట్రాలీ ఆటో కొనుక్కుని పసుపు బస్తాలు మార్కెట్ యార్డుకు చేరవేస్తున్నాడు. పొద్దుగూకే వేళకు ఇల్లు చేరతాడు, బట్టల నిండా పసుపు. ఇద్దరం కలిసి కూర్చుని తింటాం. ఇంత చిన్న సుఖం కోసం ఇన్నేళ్లు ఎదురుచూశానా అని నాకే ఆశ్చర్యం.

ఒకనాడు అట్లా తింటుండగా గల్ఫ్ నుంచి, ఆయన పని నేర్పి వచ్చిన ఆ అబ్బాయి వీడియో కాల్ చేశాడు. మనవాళ్ల దగ్గర నేర్చిన హిందీలో మాట్లాడుతున్నాడు కనుక నాకూ అర్థమవుతూనే ఉంది. కంపెనీ ఇంకా చాలామంది అక్కడివాళ్లను పనిలోకి తీసుకుందట. వాళ్లకు నేర్పే మనిషి కావాలట. ఏడాది పని, జీతం మునుపటికన్నా ఎక్కువ. "మా సార్‌కు నీ గురించి చెప్పిన, వచ్చెయ్ భాయ్" అంటున్నాడు. మంచి పిల్లవాడే. ఆ నిమిషంలో మాత్రం వాణ్ని ఫోన్‌లోంచి బయటకు లాగి రెండు దెబ్బలు వేయాలనిపించింది.

నా ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏడాది అన్నది ఏడాదితో ఆగదని నాకు తెలుసు. వద్దని అరవొచ్చు, జీలకర్ర కోసమే అంత అరిచినదాన్ని. కానీ అరవలేదు. పోవాలని మనసులో ఉండి, నా నోటికి భయపడి ఆగిపోయే మొగుడు నాకు అక్కర్లేదు.

ఆయన ఫోన్‌ను చెంబుకు ఆనించి హిందీలోనే నింపాదిగా చెప్పాడు. "నీకు పని మంచిగనే వచ్చింది. కొత్తోళ్లకు నువ్వే నేర్పు. నేను గిక్కడ కొత్తగ చేరిన. నా పని ఇంక పక్కా గాలే. ఇడిసిపెట్టి ఎట్ల రావాలె?"

ఏం కంపెనీ అని అడిగాడు ఆ అబ్బాయి.

మా ఆయన చెంబుతో సహా ఫోన్‌ను నా వైపు తిప్పాడు. చేతిలో ముద్ద, కళ్ల నిండా నీళ్లు, అదే అవతారంలో ఆ పిల్లవానికి కనబడ్డాను. వాడు నవ్వి, సలాం చెప్పి, కాల్ కట్ చేశాడు.

"పక్కా అయింది తియ్యి," అన్నాను. "అన్నం తిను."